ఒక్క గోలీ, మూడు ఒళ్ళు

నీ మొటిమల గోలీల డబ్బాలో మడతపెట్టిన కాగితం ఉంటే, అది చదివి నిన్న నవ్వావు. ఇన్ని బాధలు రాసి పెడితే ఎవరు మింగుతారు అమ్మమ్మా అన్నావు. నాకు నవ్వు రాలేదు. ఎండలో తిరగొద్దని ఒకటి, పాలతో వేసుకోవద్దని ఒకటి, కడుపులో మంట అని ఒకటి నువ్వు చదువుతూ పోతుంటే, నాకు ఒక్కో మాటకు ఒక్కో ముఖం కనబడింది. అవన్నీ మా ఇంట్లో ముగ్గురం తలా ఒకటి పంచుకున్నవే. మాకు ఏ కాగితమూ ఇవ్వలేదు, మా ఒళ్ళ మీదే చదువుకున్నాం. చెప్తాను, రాసుకో. నీ బడి తెలుగులో రాసుకున్నా సరే, మనుషులు అన్న మాటలు మాత్రం దిద్దకు.

మేం బెల్లంపల్లిలో ఉండేవాళ్ళం. అక్కడ బాయి అంటే నీళ్ళ బావి కాదు, బొగ్గు గని. బాపు, అంటే మా నాన్న, పోయాక ఆయన పని అన్నకు వచ్చింది. అన్న పొద్దు పొడవకముందే బత్తి దీపం పట్టుకుని బాయి దిగేవాడు, పొద్దు వాలాక ఎక్కేవాడు. ఆదివారం వస్తే తలుపు వేసుకుని పడుకునేవాడు. అట్లా ఏళ్ళు గడిచేసరికి, పుట్టుకతో నాకన్నా నల్లగా ఉండే మనిషి, స్నానం చేసి వస్తే నాకన్నా తెల్లగా కనబడేవాడు. ముఖం మాత్రం చూడలేకపోయేవాళ్ళం. నీకున్నట్టు నాలుగు గింజలు కాదు. చింతగింజలంత గడ్డలు, చెంపల మీద, మెడ మీద, వీపంతా. చెమటా బొగ్గు దుమ్మూ వాటిలోకి దిగి గట్టిపడేవి. చొక్కా విప్పాలంటే ముందు వీపు మీద నీళ్ళు పోసి నానబెట్టాలి, లేకపోతే చొక్కాతో పాటు తోలు వచ్చేది. వదిన పెళ్ళయి వచ్చి అప్పటికి ఏడాది. హుస్నాబాద్ దగ్గర పల్లె ఆమెది. పసుపు రాసింది, వేపనూనె పట్టించింది, ఉల్లిగడ్డ కాల్చి కట్టింది. గడ్డలు ఎవరి మాటా వినలేదు.

అప్పుడు నాకు పదిహేడో ఏడు. మా క్వార్టర్ల వరసలో మెట్రిక్ దాకా వచ్చిన ఆడపిల్లను నేనొక్కదాన్నే. అన్న అయిదో తరగతితో ఆపేశాడు, నన్ను మాత్రం ఆపనివ్వలేదు. పాసైతే టీచరు ట్రైనింగు. అవ్వ, అంటే మా అమ్మ, దీనికి ఒక్క షరతు మీద ఒప్పుకుంది. "గీ ఒక్క యేడే. పాసైతివా సరే, తప్పితివా మల్ల రాసుడు గీసుడు లేదు. పుస్తకాలు పొయ్యిల పెడ్త" అంది. అవ్వ ఉత్తి మాట అనే మనిషి కాదు.

బాయి దవఖానకు పట్నం నుంచి కొత్త డాక్టరు వచ్చాడు. చిన్న వయసు. అన్న వీపు చూసి, ఒక డబ్బా చేతిలో పెట్టాడు. అన్న దాన్ని తెచ్చి గడప మీద కూర్చుని విప్పితే అందరం చుట్టూ చేరాం. సగం ఎరుపు, సగం పసుపు, నున్నగా మెరుస్తున్నాయి. అవ్వ ఒకటి వేళ్ళ మధ్య పట్టుకుని వెలుతురుకు చూసింది.

"గిదేందిరా, పూసల లెక్కున్నది."

"గొట్టం గోలీ అవ్వా. లోపట పిండి ఉంటదట. దినాం నాలుగు మింగాలె. వట్టి కడుపుల, నీళ్ళతోనె. పాలు, పెరుగు, సల్ల ముట్టద్దన్నడు సారు."

సల్ల అంటే మజ్జిగ. ఆ మాటకు అవ్వకు కోపం వచ్చింది.

"సల్ల ముట్టద్దా? ఇంగ్లీషు మందంటెనే నిప్పుల కుప్ప. మీద సల్ల పడకుంటె పేగులు మాడ్తయ్. గా సారుకు సల్ల పోసే తల్లి లేదా ఏంది?"

మా దగ్గర అదే పద్ధతి. సూది వేయించుకుని వచ్చినా సల్ల, గోలీ మింగినా సల్ల. మందు ఒంట్లో వేడి పుట్టిస్తుంది, సల్ల ఆర్పుతుంది. అన్న మాత్రం డాక్టరు చెప్పినట్టే నీళ్ళతో మింగాడు. డాక్టరు ఇంకో మాట కూడా చెప్పాడు. అది అన్న ఇంటికి తేలేదు. ఎందుకు తేలేదో తర్వాత చెప్తాను.

నెల తిరగలేదు. అన్న ముఖం మీద గడ్డలు ఒక్కొక్కటే కుంగిపోవడం మొదలైంది. దీపం పట్టుకుని వీపు చూసేదాన్ని. నిన్న ఎర్రగా ఉబ్బి ఉన్నది ఇవ్వాళ ముడుచుకుని ఉండేది. పిండి కడుపులోకి పోతే వీపు మీది గడ్డకు ఎట్లా తెలిసింది? ఎవరు దారి చూపించారు? నాకు పుస్తకం తెరిస్తే అదే ఆలోచన. గుళ్ళో దేవుణ్ణి చూసినా నాకు అంత ఆశ్చర్యం కలగలేదు, తప్పనుకుంటే అనుకో.

అయితే అన్నకు ఛాతీ నడుమ మంట పట్టుకుంది. చీకట్లోనే లేచి, మంచం అంచున కూర్చుని, గుక్కెడు నీళ్ళతో గోలీ వేసుకుని, ఇంకో కునుకు కోసం మళ్ళీ వాలేవాడు. బాయిలోకి దిగాక నిప్పుకణిక గొంతు కింద ఆగినట్టు ఉండేదట. వాంతి వచ్చేదట. అవ్వ ప్రతి పూటా దెప్పేది. "నేను చెప్తె ఇనకపోతివి. సారు చెప్తె ఇంటివి. ఇగ సారునే వచ్చి ఛాతి రుద్దుమను."

డాక్టరుతో చెప్పకుండానే అన్న తనకు తాను మందు తగ్గించుకున్నాడు. రోజుకు రెండే. మిగిలిన రెండు పారేస్తే పాపమని మా ఇద్దరికీ పంచాడు. నా నుదురంతా మొటిమలు, వదినకు గడ్డం నిండా. ఒకే డబ్బా, ఒకే రంగు గోలీ, ముగ్గురం.

"నేను అత్తమ్మ చెప్పినట్టె సల్లతోని మింగుత. ఎందుకచ్చిన లొల్లి" అంది వదిన.

"నేను సారు చెప్పినట్టు మింగుత" అన్నాను నేను. మెట్రిక్ చదివేదాన్ని కదా.

పది రోజుల్లో నా నుదురు నున్నబడింది. వదిన గడ్డం అట్లాగే ఉంది. అద్దం నాకు ఇచ్చేసి, "నాయి హుస్నాబాద్ మొటిమెలు పిల్లా, ఇంగ్లీషు తెల్వది వాటికి" అని తనే నవ్వింది.

పరీక్షకు వారం ఉందనగా వదిన పుట్టింటి నుంచి రెండు బస్తాల మిరపకాయలు వచ్చాయి. క్వార్టర్ల ముందు చాపలు పరిచి ఎండబోశాం. మేకలు రాకుండా కాపలా ఉండాలి. నేను చాప పక్కన కూర్చుని చరిత్ర పుస్తకం పట్టుకుని గట్టిగా చదివేదాన్ని. వదిన మిరపకాయలు తిరగేస్తూ, రాజులు ఇంతమంది ఎందుకు చచ్చిపోయారని అడిగేది. మూడు రోజులు అట్లా పొద్దంతా ఇద్దరం ఎండలోనే.

మొదటి రోజు సాయంత్రం ముఖం చిటచిటలాడింది. "మిర్పకాయ చేతులతోని మొకం తుడుసుకున్నవా పోరీ" అని అవ్వ వెన్న రాసింది. రెండో రోజు చేతుల మీద, ముక్కు మీద ఎర్రగా కమిలింది. మూడో రోజుకైనా బుద్ధి రాక మళ్ళీ కూర్చున్నాను, పరీక్ష ధ్యాస అట్లాంటిది. నాలుగో రోజు తెల్లారి లేస్తే కళ్ళు తెరుచుకోలేదు. ముఖం ఉబ్బి, చెంపల మీద, చేతుల వెనక నీటి పొక్కులు. అవ్వ నన్ను చూసి, వదిన చేతులు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. వదిన ఒంటి మీద ఒక్క పొక్కు లేదు.

"మిర్పకాయలైతె దీన్ని ఇడిశిపెట్టి నిన్నే పట్టుకుంటయా?" అంది అవ్వ. "తల్లి పోసిందే నీకు."

తల్లి పోయడమంటే మశూచి. ఆ మాట ఇంట్లో గట్టిగా అనరు. గంటలో గుమ్మానికి వేపమండలు వచ్చాయి. పొయ్యి మీద పోపు ఆగిపోయింది. నా జడ విప్పేసి దువ్వెన దాచేశారు. పుస్తకాలన్నీ గుడ్డలో కట్టి అవ్వ అటక మీద పెట్టింది. తలకు నీళ్ళు పోసేదాకా, అంటే తొమ్మిది దినాలు, గడప దాటకూడదు. నా పరీక్ష నాలుగో దినం.

"అవ్వా, సోమారం పరీక్ష."

అవ్వ వేపాకు పరుస్తూ తల ఎత్తలేదు. "నీకంటె ముంగట నీ అక్క ఉండె. నాలుగేండ్లది. తల్లి పోసిన అయిదో దినం జర నిమ్మలమైందని చంకనేసుకోని గడప దాటిన. ఒక్కసారి దాటిన. మల్ల దాటియ్య."

ఆ అక్క సంగతి అవ్వ నోటితో వినడం నాకు అదే మొదలు. ఇంక ఏం మాట్లాడతాను. పైగా నాకే భయం వేసింది. నిజంగా తల్లి అయితే, పరీక్ష గదిలో నా పక్కన కూర్చునే పిల్లల గతి ఏమిటి? గోడకు తిరిగి పడుకుని, అటక మీది మూట వంక చూస్తూ, చరిత్ర మనసులోనే చదువుకున్నాను.

మర్నాడు క్వార్టర్ల వెనక వరసలో ఉండే ముసలామెను అవ్వ పిలుచుకొచ్చింది. తల్లి పోసిన ఇళ్ళకు ఆమే వచ్చి చూసేది. ఆమె ముఖమే ఒక మచ్చల రాయి, ఒక కన్ను తల్లి తీసుకుంది. ఎంతమందికి సాకిరి చేసిందో ఆమెకే లెక్క లేదు. వచ్చి నా పక్కన కూర్చుని, ముందు దండం పెట్టింది. తర్వాత మెల్లగా అడగడం మొదలుపెట్టింది.

"ముందుగాల జెరం అచ్చిందా బిడ్డా?"

"రాలే."

"నడుము ఇరిగినట్టు నొప్పి?"

"లేదు."

నోరు తెరిపించి చూసింది. అరచేతులు చూసింది. అరికాళ్ళు తడిమింది. ఎక్కడా ఏమీ లేదు. ఇంకేమీ అడగకుండా నా కుడి చేతి గాజులు పైకి తోసింది. అక్కడ ఆగిపోయింది. ఆమె ఒక్క కన్ను దగ్గరగా తెచ్చి చూసింది. చేయి వెనక భాగమంతా పొక్కులు, గాజులు ఉన్న చోట మాత్రం సన్నని గీతలు గీతలుగా నా మామూలు తోలు. రవిక చేతి అంచు దాకా ఎరుపు, దాని పైన గీత గీసినట్టు చల్లని చర్మం. గడ్డం ఎత్తి మెడ చూసింది. గడ్డం నీడ పడే చోట మచ్చ లేదు.

"ఇది తల్లి కాదు" అంది.

అవ్వ నమ్మలేదు. "మంచిగ సూడు పెద్దవ్వా."

"నలభయేండ్ల సంది సూస్తున్న. తల్లి అస్తె రవికె కింద గుడ అస్తది, నోట్లె గుడ అస్తది. గాజులు సూసి ఆగదు తల్లి. గాజులకు ఆగేది ఎండొక్కటే." ముసలామె నా చేయి వదలలేదు. "కని గిసొంటి ఎండ నేనెన్నడు సూడలే. గీ పిల్ల ఒక్కదాని కోసమే పొద్దు కిందికి దిగచ్చినట్టున్నది."

అక్షరం రాని మనిషి. ఆమె చూసినట్టు చూడడం నాకు ఏ చదువూ నేర్పలేదు.

సాయంత్రం అన్న బాయి నుంచి వచ్చి గుమ్మంలో వేపమండల దగ్గరే ఆగాడు. ముసలామె ఎండ అన్నదని వదిన చెప్పింది. అన్న చేతిలో టిఫిన్ గిన్నె కింద పెట్టి, అట్లాగే గోడకు జారి కూర్చున్నాడు.

"సారు చెప్పిండే" అన్నాడు.

"ఏం చెప్పిండురా?"

"గీ గోలీలు మింగినన్ని దినాలు ఎండల తిరుగద్దని. నేను నవ్విన. ఎండ మొకం నేనెన్నడు సూస్తున్న సారూ, ఆదివారం గుడ పండుకోనే ఉంట అన్న. సారు గుడ నవ్విండు. ఇగ నేను ఆ ముచ్చటనే మర్శిన. నీకు ఇచ్చినప్పుడన్న యాదికి రాకపాయె."

అవ్వ కొంగుతో కొట్టింది వాణ్ణి. తిట్టింది. వదిన నా పక్కకు వచ్చి తన చేయి నా చేతి పక్కన పెట్టి చూస్తూ, "మరి నాకెందుకు కాలే? నేను గుడ మింగిన కదా" అంది.

మర్నాడు తెల్లవారుజామున, ఎండ రాకముందే, నన్ను గొంగడి కప్పి డాక్టరు దగ్గరికి నడిపించారు. అవ్వ కూడా వచ్చింది, అది తల్లి కాదని డాక్టరు నోట కూడా వింటేనే నమ్ముతానని. డాక్టరు ముందు కోప్పడ్డాడు. ఒకరి మందు ఒకరు మింగడం ఏమిటని అన్నను బల్ల ముందు నిలబెట్టి అడిగాడు. నువ్వూ నీ స్నేహితురాళ్ళకు పంచకు, చెప్తున్నాను. ఆ తర్వాత ముగ్గురినీ వరసగా నిలబెట్టి, ఎవరు ఎట్లా మింగారో, ఎవరికి ఏమైందో అడుగుతూ రాసుకున్నాడు. రాస్తూ రాస్తూ కలం ఆపి వదిన వైపు చూశాడు.

"నువ్వు సల్లతోని మింగినవా?"

"అవు సారూ. అత్తమ్మ తాగమన్నది."

"గందుకే నీకు మొటిమెలు పోలే, ఎండ గుడ తగల్లే. సల్ల ఆ మందును కడుపులనే పట్టుకుంటది. నెత్తుర్లకు పోనియ్యదు. గీ పిల్ల నీళ్ళతోని మింగింది, మందు తోలు దాక పోయింది. మొటిమెలను మాన్పింది, ఎండను గుడ పిలిశింది." అన్న వైపు తిరిగాడు. "నీకు గుడ అంతే పోయింది. కని నువ్వు బాయిల ఉన్నవు, పిలిశినా ఎండ రాలే. నీ ఛాతి మంట వేరే. గుక్కెడు నీళ్ళతోని మింగి పండుకుంటె గోలీ గొంతులనే అంటుకుంటది. గ్లాసు నిండ తాగి జరసేపు తిరుగాలె." ఇంకా మా ముగ్గురినీ చూస్తూనే ఉన్నాడు. "పుస్తకంల సదివిన ఇవన్ని. ఒక్క ఇంట్ల, ఒక్క డబ్బతోని, మూడు తీర్ల సూసుడు గిదే మొదలు."

నేను వింటూ నా పొక్కుల సంగతే మరిచిపోయాను. ఎన్ని సముద్రాలు దాటి వచ్చిన మందో, మా ఇంటి లోటాడు సల్ల దాన్ని ఆపేసింది. అదే మందు నా తోలు కింద కూర్చుని పొద్దు కోసం ఎదురుచూసింది. అన్న తోలు కింద కూడా అట్లాగే ఎదురుచూసింది, భూమి లోపల, పొద్దు రాని చోట. అవ్వ నా వైపు, అన్న వైపు, వదిన వైపు చూసి, ఒక్క మాట అడిగింది.

"అయితె తల్లి కాదంటవు."

"కాదమ్మా. మందు ఆపితె మానుతది. ఎండ మాత్రం అసలు తగులద్దు."

"సోమారం పరీక్షకు పోవచ్చునా?"

అడిగింది అవ్వ. నేను కాదు.

ఇంటికి వచ్చి గుమ్మానికి కట్టిన మండలు తనే విప్పి, కళ్ళకు అద్దుకుని, నీళ్ళలో వదిలింది. అటక మీది మూట దించింది. ముసలామె గడప బయట నిలబడి, "నువ్వు ఫికరు జేయకు. మొక్కు నేను మొక్కుత, పిల్లను పోనియ్" అంది.

సోమవారం పొద్దు పొడవకముందే అన్న పనికి నాగా పెట్టి నన్ను బడికి తీసుకుపోయాడు. పది గంటల పరీక్షకు ఆరింటికే పోయి వసారాలో గొంగడిలో ముడుచుకుని కూర్చున్నాను. పిల్లలు వస్తూ దూరం జరిగారు. ఒకమ్మాయి వాళ్ళ నాన్న వచ్చి అడిగితే, అన్న నా చేయి పైకెత్తి గాజుల కింది గీతలు చూపించి, ముసలామె చెప్పినట్టే చెప్పాడు. ఆయన వంగి చూసి, అన్న ఎత్తిన నా చేయిని మెల్లగా ఆయనే కిందికి దించాడు.

లోపల నా నంబరు కిటికీ పక్క. బల్ల సగం మీద ఎండ పరుచుకుని ఉంది. పర్యవేక్షణకు వచ్చిన సారుకు చెప్పాను. నంబరు మార్చడానికి లేదన్నాడు. కిటికీకి రెక్కలు లేవు. నేను బల్ల చివరికి జరిగి, కుడి చేతిని కొంగులో చుట్టి, వేలి కొసలు మాత్రం బయటికి పెట్టి రాయడం మొదలుపెట్టాను. ఆ ఎండకు గోళ్ళు కూడా కొసల్లో లేచి ఉన్నాయి, కలం నొక్కితే ప్రాణం లాగేది. ఒక్కో వాక్యం రాసి ఎండ ఎక్కడుందో చూసేదాన్ని. జానెడు దూరంలో ఉంది. అది నా వైపు రావడం లేదు, మెల్లగా కిటికీ వైపే జరుగుతోంది. పొద్దు పైకి ఎక్కుతున్నకొద్దీ బల్ల మీది వెలుగు సన్నబడింది. మూడో ప్రశ్న రాసేసరికి బెత్తెడు. నాలుగో ప్రశ్న దగ్గర దారమంత. ఆ తర్వాత కిటికీ కడ్డీలు దాటి బయటికి పోయింది.

అప్పుడు కొంగు విప్పాను. చేతి మీది తోలు ఉల్లిపొరలా లేచి జవాబు కాగితం మీద రాలింది. ఊది, రాశాను.